ఉత్తుత్తి మంత్రి

వానకు తడవకుండా లోపలికొచ్చిన పెద్దాయన సరాసరి వెళ్ళి మంత్రి కుర్చీలో కూర్చున్నాడు.

అది నిజం మంత్రిది కాదు. ప్రతిపక్షం ఆఫీసు మేడ మీద, సాధన కోసం వేసుకున్న ఉత్తుత్తి కుర్చీ.

ప్రభుత్వంలో ప్రతి మంత్రికీ ఎదురుగా ప్రతిపక్షం ఒక నీడ మంత్రిని నిలబెడుతుంది. అసలు మంత్రి ఏం చేస్తున్నాడో కనిపెట్టి సభలో నిలదీయడం ఆ నీడ పని. ఆ గదిలో ఒంటరిగా కూర్చున్న ఆమె ఆరోగ్య శాఖకు నీడ మంత్రి.

"నీడ మంత్రివైతే నీడ కారు ఇస్తారా?" అని అత్తగారు ఇప్పటికీ ఏడిపిస్తూనే ఉంటుంది.

కారు సంగతి దేవుడెరుగు, ఆమెకు నిద్రే కరువైంది. కొండ ఊళ్ళలోని చిన్న పురిటి ఆసుపత్రులన్నీ మూసేసే బిల్లు సభకు వస్తోంది. ఆమె పుట్టిల్లు ఆ కొండల్లోనే. చెల్లెలు నిండు చూలాలు. ఆసుపత్రి మూతపడితే, నొప్పులు పడుతూ కొండదారంతా దిగాలి.

సభకు ముందు సాధన చెయ్యడం పార్టీలో ఆనవాయితీ. ఖాళీగా ఉన్నవాళ్ళెవరో ఒకరు మంత్రి వేషం కట్టాలి. ఆ రోజు ఒక్కరూ దొరకలేదు.

"కూర్చున్నారు కాబట్టి మీరే మంత్రి," అందామె నవ్వుతూ. "ఆసుపత్రులు ఎందుకు మూస్తున్నారో చెప్పండి."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు.

"గౌరవ సభ్యురాలి బాధ నాకర్థమైంది. కానీ డాక్టరు లేని ఆసుపత్రి చేద లేని బావి లాంటిది. పెద్దాసుపత్రికి రమ్మనడం మీవాళ్ళ మేలు కోరే కదా?"

ఆమె చేతిలోని కాగితాలు పక్కన పెట్టింది.

"ఎవరండీ మీరు?"

"నువ్వు మంత్రికి నీడవు. నేను నీకు నీడను."

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం వచ్చేవాడు. వాదన మధ్యలో చెల్లెలి సంగతి కూడా ఆయనకు చెప్పేసింది. కిటికీ అద్దాల మీద వాన జారుతుంటే గదంతా నీళ్ళలో మునిగినట్టు మసగ్గా ఉండేది. ఆ మసకలో ఆయన గొంతు వింటూ ఉంటే, ఇది మేడ మీద గదో, సభో ఆమెకు తెలిసేది కాదు. కునుకు పట్టినా ఆయనతోనే వాదన. కలలో కూడా ఓడిపోయేది.

ఓడిపోయినకొద్దీ పదునెక్కుతున్నానని మాత్రం ఆమెకు తోచలేదు. ఉక్రోషం వచ్చేది.

ఆఖరి రోజు పెద్దాయన ఉన్నట్టుండి మంత్రి గొంతు వదిలేశాడు.

"ఒక్క ప్రశ్న నువ్వు అడగట్లేదమ్మా."

"ఏమిటది?"

"మీరెక్కడ పుట్టారని అడుగు. మిగతా అన్నిటికీ నా దగ్గర జవాబుంది. దానికి లేదు."

గుమ్మంలో నిలబడి వింటున్న పార్టీ కార్యదర్శి ఆమెను పక్కకు పిలిచాడు.

"మంత్రి పట్నంలో పుట్టి పెరిగాడని లోకమంతటికీ తెలుసక్కా. ఆ ప్రశ్న వేశావంటే సభంతా పడీ పడీ నవ్వుతుంది. ఈ ముసలాయన అవతలివాళ్ళ మనిషి. కావాలనే గోతిలో దింపుతున్నాడు."

ఆమెకూ నిజమే అనిపించింది. లేకపోతే ఆ పక్షం మాటలు ఇంత కంఠతా ఎలా వస్తాయి?

"రేపట్నుంచి మీరు రావద్దండీ," అంది మొహాన కొట్టినట్టు.

పెద్దాయన నొచ్చుకోలేదు. "సరేనమ్మా. చెల్లెలు జాగ్రత్త," అని వానలోకి దిగిపోయాడు.

మర్నాడు సభలో ఆమె లేచి నిలబడింది. మంత్రి చిరునవ్వుతో అన్నాడు, "డాక్టరు లేని ఆసుపత్రి చేద లేని బావి లాంటిది."

అక్షరం పొల్లుపోకుండా పెద్దాయన మాటే.

"చెప్పానా?" గొణిగాడు వెనక వరుసలోంచి కార్యదర్శి.

అయినా ఆమె తడబడలేదు. ప్రతి జవాబుకూ తన దగ్గర మరో ప్రశ్న సిద్ధంగా ఉండటం ఆమెకే వింతగా తోచింది. మంత్రి నవ్వు కాస్త కాస్తగా చెదిరింది. ఇక ఒక్కటి, ఒక్కటే మిగిలింది. మీరెక్కడ పుట్టారు? నాలుక చివరిదాకా వచ్చింది. సభంతా నవ్వుతుందన్న మాట గుర్తొచ్చి మింగేసింది.

బిల్లు గట్టెక్కింది, గుప్పెడు ఓట్ల తేడాతో.

ఆమె ఏడుపు దిగమింగుకుంటూ బయటికొచ్చింది. వరండాలో, సందర్శకుల బెంచీ మీద, పెద్దాయన.

"మీవాళ్ళే గెలిచారుగా! కడుపు చల్లబడిందా?"

ఆయన తలెత్తాడు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"అడగలేదేమ్మా?" అన్నాడు, అంతే.

అంతలో జనాన్ని చీల్చుకుంటూ మంత్రి వచ్చి, పెద్దాయన చెయ్యి పట్టి మెల్లగా లేపాడు.

"కొండ మీద నేను పుట్టిన ఆసుపత్రిని మూసేస్తున్నానని ఇంకా అలకేనా? పద నాన్నా, ఇంటికెళదాం."