మధ్యలో తీగ

ఇంటర్వ్యూ మొదలైన కాసేపటికే మా అమ్మాయి లాప్‌టాప్‌లో బొమ్మ బిగుసుకుపోయింది. ప్రశ్నలడిగే మేడమ్ తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

నా ప్రాణం గిలగిల్లాడింది. ఊరందరి ఇళ్లకీ నెట్ బిగించేదాన్ని, నా ఇంట్లోనే ఇలాగా! దీనికి ఈ ఉద్యోగం కోసం కాళ్లరిగేలా తిరిగాను. వారం నుంచీ ఇది "అమ్మా, ఒక్క మాట" అంటుంటే, "ముందు ఇంటర్వ్యూ కానీ" అని నోరు మూయిస్తున్నాను.

"హాల్లోకి రావే! అక్కడి రౌటర్‌లో అయితే వైఫై లోపలే ఉంటుంది, అడ్డేం ఉండదు. నీ గదిలో వేరే పెట్టె కదా, రౌటర్ నుంచి దానికి మధ్యలో తీగ ఎంత మోస్తే అంతే."

"అక్కడ చప్పుడమ్మా," అంది కదలకుండా. గదికి వేరే వైఫై పెట్టె కావాలని పట్టుబట్టింది కూడా ఇదే.

మంచం కింద దూరి తీగ పరీక్షించాను. నిక్షేపంలా ఉంది. హాల్లోకి పరిగెత్తి, ఫోన్‌లో రౌటర్ సెట్టింగులు తెరిచాను.

ఆ తీగ తగిలించిన చోట వేగం వెయ్యి ఎంబీపీఎస్ ఉండాలి. ఒకటి కూడా పారకుండా ఎవరో సెట్టింగు తగ్గించి గొంతు నొక్కేశారు.

పాస్‌వర్డ్ తెలిసింది మా ఇద్దరికే. ఆ వేగం మార్చడం దీనికి నేర్పింది నేనే.

కోపం నషాళానికంటింది. విసురుగా గదిలోకి వెళ్లాను. నా మొహం చూడగానే అది తల దించుకుంది.

మేడమ్‌కి ఫోన్ చేశాను. "తప్పు మాదేనండీ. తీగ పాడైంది. ఇవాళ్టికి వదిలెయ్యండి."

లాప్‌టాప్ మూసి, దాని పక్కన కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పవే. ఏంటా ఒక్క మాట?"