నిమ్మకాయ మహిమ

కొత్త మౌంటెన్ బైకు, హెల్మెట్, మోకాళ్లకు కవచాలు. కెనడాలోని మిస్సిసాగాలో మీటింగులు నడిపే కోదండరామ్, లోయలోకి దిగే కొండదారి ముందు, పార్కింగ్‌లో దండయాత్రకు వచ్చినట్టు నిలబడ్డాడు.

"నిమ్మకాయలు తొక్కించి వెళ్లండి," అంటూ భార్య చాముండేశ్వరి చక్రాల కింద రెండు పెట్టింది.

"సైకిలుక్కూడానా," అని విసుక్కుంటూనే పెడల్ తొక్కాడు.

ముందు చక్రం నిమ్మకాయ మీద సర్రున జారింది. కొండను జయించాల్సిన వీరుడు పార్కింగ్‌లోనే బోర్లా పడి, మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు.

కారులో తిరిగొస్తూ వాట్సాప్ గ్రూపులో ఎడంచేత్తో పెట్టాడు: "డేంజరస్ ట్రెయిల్. జస్ట్ మిస్."

"అంతా నీ నిమ్మకాయల వల్లే," అన్నాడు మూలుగుతూ.

"వారం నుంచి వద్దంటే విన్నారా? మీకు బ్రేకు ఎక్కడుందో కూడా తెలీదు," అంది ఆమె డ్రైవ్ చేస్తూ. "అందుకే బాగా మెత్తబడినవి ఏరి తెచ్చా."