తుడుపు యంత్రం క్లబ్బు మారింది

ఇళ్లలోని పని యంత్రాలన్నీ ఫుట్‌బాల్ మరిగాక, వాటి క్లబ్బులకు లీగులు కట్టే పని అనకాపల్లిలో భానోజీ నెత్తిన పడింది. ఆయన యంత్రాల ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. ఏ వీధి క్లబ్బుకు ఆడే యంత్రం ఆ వీధిలోనే ఉండాలన్న నియమం ఆయన రాసిందే.

ఆదివారం పొద్దున్నే భార్య హైమావతి కేకేసింది. "ఏవండీ, మన తుడుపు యంత్రం బ్రష్షులు సర్దుకుని వెళ్లిపోతోంది!"

"పక్క వీధి క్లబ్బు మొదటి డివిజన్‌కి ఎక్కిందమ్మా. నన్ను తీసుకున్నారు. ఇక అక్కడే ఉండాల," అంది యంత్రం వినయంగా.

"నిన్నెవరు పొమ్మన్నారే?"

యంత్రం బదిలీ కాగితం చూపించింది. కింద భానోజీ సంతకం. నిన్న గడువు ముగిసిపోతోందని నలభై కాగితాల మీద ఆయన చదవకుండా గీకేశాడు.

"రూలు రూలే కదే," గొణిగాడు.

"అవునవును. ఆటగాడు పోతే రిజర్వు ఆటగాడు దిగాలని కూడా మీ రూల్లోనే ఉంది," అంటూ హైమావతి చీపురు చేతికిచ్చింది.

ఆయన వంగి హాలంతా ఊడ్చి, నడుం పట్టుకుని లేచాడు. వంటింట్లో కుక్కరు గట్టిగా విజిల్ వేసింది. దానికి రిఫరీ సర్టిఫికెట్ ఇచ్చిందీ భానోజీయే.

"సోఫా కింద వదిలేశారు సార్. ఇది మొదటి హెచ్చరిక."