జిమ్మీ కాలికి నాలుగు పిన్నులు

“ఈ కట్టు కట్టిన మహానుభావుడెవడో చూపించండి. ముందు వాడి చేతులు విరగ్గొడతాను!”

డాక్టర్ జ్యోతిర్మయి కోపం ఆ కుక్కల ఆసుపత్రిలో అందరికీ అలవాటే. బల్ల మీద జిమ్మీ మూలుగుతోంది. ముందు కాలికి పది రోజుల కిందట బిగించిన కట్టు కింద పుండు పడి, చీము పట్టింది.

జిమ్మీని ఎత్తుకొచ్చిన చెంచురామయ్య తువ్వాలు నలుపుతూ తల దించుకున్నాడు.

“మా ఊళ్ళో ఒకాయనండి. తప్పేనండి.”

జిమ్మీ మిరపకాయ టిక్కీ బస్తాల ట్రాక్టర్ మీంచి దూకిందట.

“రెండు చోట్ల విరిగిందండి. కింది ముక్క పక్కకి జరిగింది,” అన్నాడు.

ఎక్స్‌రే వచ్చింది. అచ్చం అలాగే ఉంది.

“మీకెలా తెలిసింది?”

“తడిమి చూశానండి.”

ఏదో నోటికొచ్చింది చెప్పుంటాడు, కలిసొచ్చింది అనుకుందామె.

“పుండు మీద సిమెంటు కట్టు వెయ్యకూడదు. ఎముకలోకి నాలుగు పిన్నులు దించి, వాటిని కాలి బయట ఓ కడ్డీకి బిగిస్తాను. పుండు రోజూ కడగాలి. అయినా అతక్కపోతే ఇక కాలు తీసెయ్యడమే.”

చెంచురామయ్య జిమ్మీ తల నిమిరాడు. ఆయన కంచంలో చివరి ముద్ద ఎప్పుడూ జిమ్మీదే.

“కాలు మాత్రం తియ్యకండమ్మా,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

ఆరు వారాలు రెండ్రోజులకోసారి ప్రత్తిపాడు నుంచి ఆటోలో వచ్చాడు. అదీ సాయంత్రం, జనం పలచబడ్డాక, జిమ్మీ మీద దుప్పటి కప్పి మరీ. పిన్నుల చుట్టూ ఆయన తుడిచినంత నాజూగ్గా కాంపౌండర్ జోసఫ్ కూడా తుడవలేడు. పైగా కడ్డీ ఎలా బిగించారు, పిన్ను ఎంత లోతు దించారు అంటూ వంద ప్రశ్నలు. ఇంత శ్రద్ధగల మనిషి జ్యోతిర్మయికి ఈమధ్య తగల్లేదు.

పిన్నులు తీసిన వారానికి జిమ్మీ నాలుగు కాళ్ళ మీదా వరండా అంతా చుట్టేసింది. జ్యోతిర్మయికి సంతోషం పట్టలేదు. ఫోను తీసింది.

“ఇద్దరూ ఇటు చూడండి!”

చెంచురామయ్య గబుక్కున తువ్వాలు మొహానికి అడ్డం పెట్టేసుకున్నాడు.

“నన్నొద్దండీ! ఊళ్ళో తెలిస్తే పరువు పోతుంది.”

కుక్కకి ఆపరేషనేమిటని నవ్వుతారని కాబోలు. పాపం, మొహమాటస్తుడు.

నెల తిరక్కుండానే కుక్కల టీకాల క్యాంపు ప్రత్తిపాడులో పడింది. జ్యోతిర్మయి జీపు దిగీ దిగగానే జిమ్మీ ఎక్కణ్ణుంచో పరిగెత్తుకొచ్చి, చున్నీ కొస పట్టుకుని ఓ రేకుల షెడ్డులోకి లాక్కుపోయింది.

“ఆపరేషన్లూ పిన్నులూ మనకెందుకమ్మా, నా కట్టు ఉండగా?” అంటూ, కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకొచ్చి వరస కట్టిన ముప్పై మందిలో ముందున్నావిడ మణికట్టుకి వెదురుబద్దలు పేరుస్తున్నాడు చెంచురామయ్య.