రెండో దెబ్బ

"ఆపమ్మా, ఇక చాలు," అన్నాడు పెద్దాయన.

రికార్డింగ్ ఇంజనీరు వేలు బటన్ మీదే ఉండిపోయింది. ఆయనకి వినిపించాల్సిన పన్నెండు పాటల్లో అప్పటికి అయినవి నాలుగే. స్పీకర్లు రెండు భుజాలకీ తగిలించుకుని మూడంతస్తులు మెట్లెక్కి వచ్చిందేమో, ఆమెకి అప్పటికే ప్రాణం విసిగిపోయి ఉంది.

"నచ్చలేదా మాస్టారూ?"

"మాస్టార్నేమిటి తల్లీ! కార్ఖానాలో ప్రెస్సు మెషీన్ల మీద రేకులు కోసుకుని బతికినవాణ్ణి."

ఆ సంగతి ఆమెకే కాదు, ఇనుప చప్పుళ్లనే సంగీతంగా వాయించే ప్రతి బృందానికీ తెలుసు. పెద్దాయన చేసింది ఒకే ఒక్క క్యాసెట్టు. కార్ఖానాలో పట్టిన ఇరవై రెండు నిమిషాల మోత. ఎలా బయటికొచ్చిందో తెలీదు గానీ, చేతులు మారి, కాపీల మీద కాపీలై దేశాలు తిరిగింది. అది విన్నాక గిటార్లు అవతల పారేసి రేకు డ్రమ్ములూ గొలుసులూ పట్టుకున్నవాళ్లు ఎందరో. వాళ్లలో పన్నెండు బృందాలు ఆ మోతనే తమ తమ పద్ధతిలో మళ్లీ వాయించి, నివాళిగా ఆల్బమ్ తెస్తున్నాయి. అందరినీ కూడగట్టడానికి ఆమెకి రెండేళ్లు పట్టింది. ఈయన్ని వెతికి పట్టుకోవడానికి మరో ఏడాది. ఇక కావలసింది ఒక్క సంతకం. గడువు రేపటితో ఆఖరు.

"ఏది బాగాలేదో చెప్పండి, మార్పిస్తాను."

"బాగున్నాయి కాబట్టే ఆపమన్నాను."

వంటగది గుమ్మంలోంచి ఆయన భార్య తొంగిచూసింది. "ఏమీ అనుకోకమ్మాయ్. ఆ చప్పుడు చెవిన పడితే ఆయనకి రెండ్రోజులు ముద్ద దిగదు."

పెద్దాయన స్పీకరు వంకే చూస్తున్నాడు. "ఆ రెండో దెబ్బ ఉంది చూడు. నలుగురికి నలుగురూ దాన్నే పట్టుకున్నారేం?"

ఇన్ని గంటల్లో మొదటిసారి ఆమె మొహంలోకి కాస్త వెలుగొచ్చింది. "దాని ప్రాణమంతా అక్కడే ఉంది కదండీ! ధన్... ధన్... ధన్... అని ఒకే లెక్కన పోతూ పోతూ ఉన్నట్టుండి ధన్‌ధన్! ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఒంట్లో వణుకు పుడుతుంది. దాని మీద నేనే నాలుగు పేజీల వ్యాసం రాశాను. ఆల్బమ్‌తో పాటు అచ్చేస్తున్నాం."

"వణుకు పుట్టిందా నీకు?"

"పుట్టిందండీ."

"నాకూ పుట్టేది," అన్నాడాయన. స్పీకరు వైపు వేలు చూపి, "మూడోవాళ్లెవరో ఆ చోట పిల్లలచేత చప్పట్లు కొట్టించారు," అన్నాడు.

"అవునండీ. అది అందరికీ తెగ నచ్చింది."

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎంతసేపటికీ తెరవలేదు. నిద్రపోయాడేమోనని ఆమెకి అనుమానం వచ్చింది. తనకీ అక్కడే ఓ పక్కన ఒరిగిపోవాలనిపించింది. అనుమతి కాగితం తీసి ఆయన ముందు పెట్టి, పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"మూడేళ్లండీ," అంది. "ఉన్న ఉద్యోగం మానేసి దీన్నే పట్టుకు తిరిగాను. ఎక్కడికి వెళ్లినా 'ఇదీ ఒక సంగీతమేనా' అని నవ్వినవాళ్లే. మీరూ కాదంటే ఇక నా వల్ల కాదు."

"సంతకం పెట్టెయ్యండి బాబూ," అంది భార్య. "పాపం, మొహం ఎలా పీక్కుపోయిందో చూడండి."

పెద్దాయన కళ్లు తెరిచాడు. "ఎంతమంది వింటారమ్మా దీన్ని?"

"వేలమంది."

"చదువుకున్నవాళ్లూ, పెద్ద పెద్ద ఉద్యోగాల వాళ్లూ?"

"వాళ్లేనండీ ఎక్కువ."

"అయితే ఒక్క మాట. ఆ క్యాసెట్టుతో పాటు ఒక కాగితం కూడా ఉండేది. క్యాసెట్టుని లోకమంతా కాపీ చేసుకుంది గానీ, ఆ కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నీ వ్యాసం తీసేసి అది వేస్తావా?"

ఆమెకి లేచి గంతెయ్యాలనిపించింది. పాట గురించి ఆయన స్వయంగా రాసిన మాటలు! "నా నాలుగు పేజీలూ చెత్తబుట్టలో పారేస్తానండీ!"

ఆయన బల్ల సొరుగు లాగి, డాక్టరు చీటీల అడుగునుంచి మడతలు పడ్డ కార్బన్ కాపీ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ తర్వాతే కలం అందుకుని సంతకం చేశాడు.

"ఇక్కడ చదవకు," అన్నాడు. "బయటికెళ్లి చదువుకో."

ఆమె ఇద్దరికీ దణ్ణం పెట్టి స్పీకర్లు ఎత్తుకుంది. రెండో అంతస్తు దాకా దిగేసరికి కాళ్లు ఇక రానన్నాయి. బరువంతా దించి, మెట్టు మీద కూర్చుని, కిటికీ వెలుగులో కాగితం మడతలు విప్పింది. అక్షరాలు చాలావరకు వెలిసిపోయాయి. కూడబలుక్కుని చదివింది.

"ఫ్యాక్టరీల తనిఖీ అధికారి గారికి: అయ్యా, మా ఏడో నంబరు ప్రెస్సు, పెడలు ఒకసారి తొక్కితే, ఒక్కోసారి దానంతటదే రెండోసారి కూడా దిగుతోందని ఎన్ని అర్జీలు పెట్టినా మీరు నమ్మడంలేదు గనక, ఆ చప్పుడు ఈ క్యాసెట్టులో పట్టి పంపుతున్నాను; దాని మీద పనిచేసేది నా తమ్ముడు, వాడికి ఈ రోజు వరకూ రెండు చేతులూ ఉన్నాయి, దయచేసి తొందరగా రండి."