నోరు మూయించిన ఫోను

చర్చి మైకులో తెల్లవారుజాము పాట చక్కగా సాగుతోంది. చరణం మధ్యలో పాట ఆగింది. ఫోనులోని ఆడగొంతు ఊరంతటికీ వినబడేలా చదివింది: "మోజెస్ నుంచి మెసేజ్. బావా, నాటుకోడి కోసినాం. మధ్యాహ్నం రా. అయ్యగారికి మాత్రం చెప్పొద్దు."

మైకు చూసుకునే ప్రభాకరరావు ఉలిక్కిపడి ఫోనుకున్న వైరు పీకేశాడు. ఏం లాభం? పక్క వాకిట్లో పళ్లు తోముకుంటున్న పాస్టరు అయ్యగారు బ్రష్షు నోట్లో ఉండగానే గోడ మీదుగా తొంగి చూశారు. వీధి కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు వదిలేసి పడీపడీ నవ్వారు.

సంఘపెద్ద నతానియేలు మాత్రం నవ్వలేదు. లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏంది ప్రభాకరా ఇది? దేవుని పాటలో కోడికూర ఏంది?"

"కళ్లజోడు లేకుంటే నాకు అక్షరాలు అగుపడవన్నా. అందుకని మా బిడ్డ బ్లెస్సీ, వచ్చిన మెసేజి ఫోనే చదివి చెప్పేటట్ల పెట్టింది."

"చదివించుకునేది ఇంట్లో చదివించుకో. రేపు కోత పండగ. ఒంగోలు నుంచి పెద్ద పాస్టరు గారు వస్తున్నారు. రేపు గానీ నీ ఫోను నోరు తెరిచిందో, మైకు ఆ కుర్రోడు వెస్లీకి ఇచ్చేస్తా. ముందే చెప్తున్నా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ప్రభాకరరావు కంది చేలల్లో కూలికి పోయే మనిషే గానీ, మైకు ముందు కూర్చున్నాడంటే రాజే. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ చర్చి మైకు ఇంత శుభ్రంగా పలకదని ఆయన గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో తప్పు కూడా ఏమీ లేదు. మైకు పోతే తనకింకేం మిగులుతుందని ఆయనకు దిగులు పట్టుకుంది.

ఇంటికెళ్తే భార్య కరుణమ్మ కాచుకుని ఉంది.

"పరువు తీసినావు గదయ్యా! నీళ్లకు పోతే, కోడికూర ఉడికిందా అక్కా అని అడుగుతున్నారు. పద దొనకొండకు. ముందు దాని నోరు మూయించుకొద్దాం."

సెల్ షాపు రాజ్ కుమార్ ఫోను చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే నొక్కుతూ పోయాడు. గ్రూపుల టింగుటింగులు పోయాయి. రీఛార్జి అయిపోతోందన్న హెచ్చరిక పోయింది. బామ్మర్ది మోజెస్ గొంతూ పోయింది. చివరికి ఒక పేరు దగ్గర వేలు ఆపాడు.

"అన్నా, బ్లెస్సీది కూడా తీసెయ్యమంటావా?"

ప్రభాకరరావు తటపటాయించాడు. కూతురు మార్కాపురంలో గది తీసుకుని కానిస్టేబులు పరీక్షలకు చదివింది, ఊరికొచ్చినప్పుడు రోడ్డు మీద పరుగు సాధన చేసింది. రేపు పొద్దున్నే ఫలితాలు. అటు కూతురు, ఇటు మైకు.

"తీసెయ్. ఆరాధన అయినాక నేనే ఫోన్ చేసి కనుక్కుంటా," అన్నాడు. కరుణమ్మ ఆయన వంక ఒక చూపు చూసి, "పోయి ఆటో పిలుచుకురా," అంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. బల్ల ముందు కందుల మూటలు, ఎండు మిరపకాయలు, గుమ్మడికాయలు. పెద్ద పాస్టరు గారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. వెనక సన్నగా సంగీతం, ప్రభాకరరావు ఫోనులోంచి. ఎక్కడా గరగర లేదు. నతానియేలు కూడా మెచ్చుకోలుగా తలాడించాడు.

"మా పొలాలను దీవించు తండ్రీ..."

సంగీతం ఆగింది.

"బ్లెస్సీ నుంచి మెసేజ్. నాయనా, నాకు కానిస్టేబులు ఉద్యోగం వచ్చింది. అమ్మకు చెప్పు. ఏడవొద్దని చెప్పు."

చర్చిలోనే కాదు, రైలు కట్ట అవతల చేలల్లో కూడా వినబడింది. ప్రభాకరరావు చెయ్యి వైరు మీదికి పోయింది గానీ పీకలేదు. కళ్లు మసకబారాయి. మైకు పోతే పోయింది!

పెద్ద పాస్టరు గారు కళ్లు తెరవకుండానే, "ఈ బిడ్డ కోసం కూడా స్తోత్రం తండ్రీ," అన్నారు. ఆడవాళ్లంతా ఒక్కసారిగా "స్తోత్రం!" అని అందుకున్నారు.

ఆరాధన ముగియగానే నతానియేలు వచ్చాడు. ప్రభాకరరావు లేచి మైకు గది తాళం చేతికందించాడు.

"వెస్లీకి ఇయ్యన్నా. నాకేం బాధ లేదు."

"తాళం సంగతి తర్వాత. ముందు దాన్ని ఇంకోసారి చదివించు. వెనకోళ్లకు సరిగా వినపడలేదంట," అన్నాడు నతానియేలు, తాళం తిరిగి ప్రభాకరరావు జేబులోనే వేసి.

ఇంటికి నడుస్తూ ప్రభాకరరావు ఫోనును తిప్పి తిప్పి చూశాడు.

"అన్నీ మూయించినాం గదా! ఇది ఒక్కటి ఎట్ల పలికిందో నాకు అంతు పట్టడం లేదే."

కరుణమ్మ ఎదురొచ్చేవాళ్లను చూసి నవ్వుతూ తలెత్తుకుని నడుస్తోంది.

"నువ్వు ఆటో పిలవడానికి పోయినప్పుడు రాజ్ కుమార్ తో నేనే మళ్లీ పెట్టించినా. నా బిడ్డకు వస్తాదని నాకు తెలుసు. ఆడపిల్ల ప్యాంటేసుకొని రోడ్డెంబడి పరిగెత్తడమేందని నవ్వినోళ్ల ఇంటింటికీ పోయి చెప్పాలంటే, నా మోకాళ్లు ఊరుకుంటాయా?"