ముగ్గురు నాన్నలు

విబెకె కంప్యూటర్‌లో పాత ఫోటో ప్రోగ్రాం ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేసింది.

ఇక మీదట నెలనెలా అద్దె కడితేనే పని చేస్తుందట. పైగా ఈ పాత కంప్యూటర్ దానికి సరిపోదట.

శనివారానికి వాళ్ళమ్మకి ఎనభై నిండుతాయి. ఆలోగా నాన్న వేర్నర్ ఫోటో బాగుచేయాలి.

ఇంట్లో ఆయనది మిగిలింది ఆ ఒక్క ఫోటోనే. ముక్కు కింది నుంచి మెడదాకా చెమ్మ తినేసింది. విబెకెకి ఏడాది నిండకముందే ఆయన చేపల పడవతో సహా సముద్రంలో మునిగిపోయాడు. నాన్న నవ్వు ఎలా ఉండేదో ఆమెకి తెలియదు.

"ఆ మూతి, ఆ నవ్వు నాకూ చెరిగిపోతున్నాయే. ఒక్కసారి నిండుగా చూస్తే బాగుండు," అంది అమ్మ పోయిన వారం.

అందుకే గురువారం సాయంత్రం తమ ఊరు హిర్త్స్‌హాల్స్‌లో, రేవు పక్కనున్న ఫోటో క్లబ్బుకి పరుగెత్తింది. అక్కడా అదే గొడవ. పాత ప్రోగ్రాం పోయింది, దాని బదులు ఏది?

"ఉచితంగా దొరికేది ఉండగా ఇంకోటి దేనికి?" అన్నాడు ప్రేబెన్. రిటైరైన బడిపంతులు, క్లబ్బుకి అధ్యక్షుడు.

"మీకు కాలక్షేపం మాస్టారూ, నాకు పొట్టకూడు," అంది పెళ్ళి ఫోటోలు తీసే రిక్కె. "ఒక్కసారి కొంటే ఎన్నాళ్ళైనా వాడుకునేది ఉంది. అది తీసుకో విబెకె."

"ఆ రెండూ పాతబడిపోయాయి. అడిగితే చాలు, లేనిదాన్ని అదే గీసిపెట్టే ఏఐ వచ్చింది," అన్నారు వెనక నుంచి ఇంకెవరో.

"గీసిపెడితే అది ఫోటో ఎలా అవుతుందయ్యా?"

"మీరు ముడతలు చెరిపితే అవుతుందా మాస్టారూ?"

విబెకె బుర్ర గిర్రున తిరిగింది. ఎవరి మాట విన్నా వాళ్ళదే నిజమనిపిస్తోంది.

పక్క కుర్చీలో ఎవరో కొత్త ముసలాయన. ముందున్న కేకు మరిచిపోయి ఆమె చేతిలోని ఫోటో వంకే చూస్తున్నాడు.

"మీరేది వాడతారు?" అంది మర్యాదకి.

"నాకు కెమెరాయే లేదమ్మా."

మరి ఫోటో క్లబ్బులో ఈయనకేం పని? కాఫీ, కేకుల కోసం వచ్చుంటాడు అనుకుంది విబెకె.

"వాదనలెందుకు? మూడింటికీ ఈ ఫోటోనే ఇచ్చి చూద్దాం," అన్నాడు ప్రేబెన్.

కాసేపటికి గోడ మీది తెరపై ముగ్గురు నాన్నలు నిలబడ్డారు.

మొదటాయనది ఆముదం తాగిన మూతి. రెండో ఆయనకి బుగ్గన సొట్ట. మూడో ఆయన సినిమా హీరోలా పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు.

కళ్ళు మాత్రం ముగ్గురివీ నాన్నవే.

"ఎవరే మీ నాన్న?" అంది రిక్కె.

విబెకె ఒక్కొక్కరినీ మార్చి మార్చి చూసింది. కాసేపు మొదటాయనే అనిపించింది, కాసేపు మూడో ఆయన. సొంత నాన్నని పోల్చుకోలేకపోతున్నానే అని ఏడుపొచ్చింది.

"ముగ్గురూ కాదు," అన్నాడు ముసలాయన మెల్లగా. "ఎర్ర గడ్డం ఉండాలి."

"మా నాన్న ఎప్పుడూ గడ్డం పెంచలేదండీ. మా అమ్మే చెప్పింది. మీరు ఇంకెవరినో అనుకుంటున్నారు."

"లేదమ్మా, నేను..."

"చేతులెత్తండి!" అని కేకేశాడు ప్రేబెన్.

ఏ కేకు తేవాలన్నా, ఎవరు అధ్యక్షుడు కావాలన్నా, ఆ క్లబ్బులో చేతులెత్తే తేలుస్తారు. మనిషి ముఖానికి ఓట్లేమిటన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. మూడో నాన్న భారీ మెజారిటీతో గెలిచాడు. దిక్కు తోచక విబెకె కూడా ఆయనకే చెయ్యెత్తింది.

"ఒక్క నిమిషం మాట్లాడొచ్చా?" అన్నాడు ముసలాయన.

"తర్వాత చూద్దామండీ. ప్రింటుకి పంపాలి. కాస్త అటు జరుగుతారా?" అంది విబెకె.

ఆయన జరిగాడు. ఆమె తలెత్తి చూసేసరికి కుర్చీ ఖాళీగా ఉంది.

శనివారం పొద్దున బల్ల మీద పుట్టినరోజుకని చిన్న చిన్న జెండాలు, వేడి రొట్టెలు, కాఫీ. అమ్మ కానుక మీది కాగితం విప్పి, కళ్ళద్దాలు సర్దుకుని, ఫోటోని తేరిపార చూసింది.

"అందగాడే," అంది. "ఎవరే ఇతను?"

విబెకె ప్రాణం ఉసూరుమంది. నవ్వేద్దామని చూసింది.

"ఇదే నయం అమ్మా. క్లబ్బులో ఒక ముసలాయన నాన్నకి ఎర్ర గడ్డం ఉండాలని పట్టుబట్టాడు."

అమ్మ ఫోటో బల్ల మీద పెట్టేసింది.

"ఎర్ర గడ్డమా? ఎవరాయన?"

"ఏమోనమ్మా. నాన్న గడ్డం పెంచలేదని నువ్వేగా చెప్పావు?"

"ఇంట్లో ఉండగా ఎప్పుడూ పెంచలేదు. ఆ చివరిసారి వెళ్తూ, ఈ విడత గీసుకోను, తిరిగొచ్చాక పాప నన్ను గుర్తుపడుతుందో లేదో చూద్దాం అన్నాడు." అమ్మ కళ్ళద్దాలు తీసేసింది. "పెరిగితే ఎర్రగానే పెరుగుతుంది. కానీ ఆ గడ్డం నేనే చూడలేదు విబెకె!"

విబెకె ఫోన్ అందుకుంది.

"ఆ పెద్దాయనా?" అన్నాడు ప్రేబెన్. "వేర్నర్ కూతురు ఎక్కడుంటుందని రేవులో వాకబు చేస్తుంటే నేనే రమ్మన్నాను. నీ పక్కనే కూర్చోబెట్టాను కదా! సముద్రం అవతల ఫారో దీవుల మనిషి. ఇందాకటి ఓడకే వెళ్ళిపోయాడు."

"పేరేమిటి?"

"అడగలేదే. నీకు చెప్పుంటాడనుకున్నా."

విబెకె ఫోన్ పెట్టేసి, విన్నదంతా అమ్మకి చెప్పింది.

అమ్మ లేచి కిటికీలోంచి రేవు వైపు చూసింది.

"ఆ పడవలో ఫారో వాడు ఒక్కడే ఉండేవాడు. వంట చేసే కుర్రాడు, అప్పటికి మీసాలైనా రాలేదు," అంది. "పడవ మునిగేటప్పుడు మీ నాన్న తన లైఫ్ జాకెట్ విప్పి తొడిగి, నీళ్ళలోకి తోసేసి బతికించింది వాడినే."